గృహగ్రంథాలయము: అత్తగారి దయ్యాల పుస్తకము

ఈ శీర్షికయందు ఇంతవరకు మేము పురాణములను, వంటల పుస్తకములను, పిల్లల కథలను గూర్చి వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసమున దయ్యముల కథలను గూర్చియు, గ్రహాంతరయానముల కథలను గూర్చియు వ్రాయబూనుట చూచి కొందఱు సోదరీమణులు నొసలు చిట్లింపవచ్చును. సంసారి యింట ఇట్టి పుస్తకములకు చోటేమని వారడుగవచ్చును. మేమును ఒకప్పుడు అట్లే అడిగినవారము. అడుగుటయే గాక, ఆ ప్రశ్నకు మేమే ప్రత్యుత్తరము చెప్పికొని, ఒక పుస్తకమును కాటాలో వేయించి అమ్మివేసినవారము.

పండ్రెండేండ్ల క్రిందట మేము పంజాగుట్టలోని పాతయిల్లు విడిచి అపార్టుమెంటులోనికి మాఱితిమి. అటకమీదనుండి ఒక రేకుపెట్టెను దింపించి చూడగా, అందు పాత క్యాలెండర్లు, పెండ్లిపిలుపు కార్డులు, వారపత్రికల కట్టలు, వానితోపాటు ఎఱ్ఱగుడ్డ అంటించిన అట్టలతో లావుపాటి పుస్తక మొకటి కానవచ్చెను. అట్టపై పేరు లేదు. లోపల అన్నియు వారపత్రికనుండి చింపిన పుటలే. అంచులు గోధుమవన్నెకు తిరిగి, వ్రేలు తగిలిన చోటనెల్ల పొడియై రాలుచుండెను. నడుమ నడుమ భయము గొలుపు బొమ్మలు. చూచితిమి, "దయ్యాల కథ, అదియును చిరిగినది" అనుకొని పాతకాగితములు కొనువాని ముందు పెట్టితిమి. పెట్టెలోని సమస్తమునకును కలిపి వాడు ముప్పది యెనిమిది రూపాయలిచ్చెను. ఆ సంఖ్య మాకు నేటికిని జ్ఞాపకము.

మూడవనాడు మా అత్తగారు కొత్తయింటి అలమారలన్నియు వెదకి, "ఎఱ్ఱట్ట పుస్తకం ఏ పెట్టెలో పెట్టావమ్మా?" అని అడిగిరి. ఉన్నమాట చెప్పితిమి. ఆమె మాతో వాదులాడలేదు. "పోనీలే" అని వంటయింటిలోనికి పోయిరి. ఆమె నాలుగు మాటలన్నను మాకు ఇంత కష్టము తోచి యుండదు.

ఆ పుస్తకమేదియో తరువాత తెలిసికొంటిమి. 1980 ప్రాంతమున ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" ధారావాహికముగా వెలువడినది. తులసి అను చిన్నపిల్లపై జరిగిన క్షుద్రప్రయోగము చుట్టును, ఒకవంక వైద్యము మఱియొకవంక మంత్రతంత్రములు లాగుచుండగా, నడచిన కథ అది. ఆ కాలమున ఆ కథ తెలుగిండ్లలో కలిగించిన భయము ఇంతంత గాదని నడివయసు దాటిన సోదరీమణులు ఎఱుగుదురు. మా యింట పత్రిక వచ్చిన దినమున మొదట మా మామగారు, తరువాత మఱదులు, ఇరుగుపొరుగువారు చదివి ముగించుసరికి నాలుగు దినములు పట్టెడిదట. అంట్లు తోముట ముగిసిన పిదప రాత్రి పదిగంటలకు వంటయింటి దీపము క్రింద మా అత్తగారి వంతు. చదివి, నీళ్లకు పెరటిలోనికి పోవ వెఱచి, దాహముతోనే పండుకొన్న రాత్రులు కలవని ఆమె నవ్వుచు చెప్పిరి. వారము వారము ఆ పుటలను చింపి, బియ్యపుడబ్బా వెనుక దాచి, కథ ముగిసిన పిదప దబ్బనముతో తామే కుట్టి, అట్టలు మాత్రము బైండు చేయువానిచేత వేయించిరట. అందులకైన కూలి కూరగాయల డబ్బులో మిగిల్చినది.

అది మొదలు మేము ఆ పుస్తకమునకై వెదకుచున్నాము. వెదకుటలో తొలి మజిలీ మాకు దగ్గఱనున్న మైత్రీవనము.

అమీరుపేటలోని మైత్రీవనము పేరెఱుగని తెలుగు కుటుంబ మరుదు. ఏ జిల్లానుండియైనను కంప్యూటరు విద్య నేర్వ వచ్చిన కుఱ్ఱవాడో పిల్లయో ప్రతి బంధువర్గమునను ఒకరుందురు. మేడలనిండ శిక్షణాలయముల బోర్డులు, సందులనిండ హాస్టళ్లు, నెత్తిపైన మెట్రోరైలు. 2017వ సంవత్సరమున ఆ రైలు వచ్చిన పిదప క్రిందనున్న కాలిబాటపై నీడ మాత్రము పెరిగినది, నడచు చోటు తగ్గినది. ఆ కాలిబాటలపైననే పాతపుస్తకముల కుప్పలు. పైపొరలో జావా, ఒరాకిల్ మొదలగు పేర్లుగల లావుపాటి పాఠ్యగ్రంథములు, బ్యాంకు పరీక్షల పుస్తకములు. వాని క్రింద, అడుగున, ఇంగ్లీషు నవలలు. నవలలిక్కడ కెట్లు వచ్చెనని అడిగితిమి. "హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు అన్నీ అమ్మేసుకుని పోతారమ్మా" అని అంగడివాడు చెప్పెను. ఉద్యోగము దొరికినవాడును అమ్మును, దొరకనివాడును అమ్మును.

అచ్చట మాకు మా అత్తగారి పుస్తకము దొరకలేదు. దొరకునని నిజముగా అనుకొనను లేదు. తెలుగు వారపత్రికల కాగితము ఆ కుప్పలలోనికి రాదు, తిన్నగా గుజ్జుమిల్లుకు పోవును. కాని అసిమోవ్ గారి విజ్ఞానకల్పనా నవల యొకటి, గట్టి అట్టతో, పైనున్న కాగితపు జాకెట్టు చెక్కుచెదరక, అడుగుపొరలో కనబడెను. లోపల 1950ల నాటి సంవత్సర మచ్చువేసి యున్నది. నూటయేబది రూపాయలకు కొని, నిధి దొరకినట్లు ఇంటికి తెచ్చితిమి. మా అన్నగారి కుమారునకు ఇట్టి పుస్తకములు సేకరించు వ్యసనము కలదు. అతడు వచ్చి, జాకెట్టు లోమడతను చూచి, వెనుక అట్టను వెలుతురున కడ్డముగా పట్టి, "అత్తా, ఇది క్లబ్బు పుస్తకం" అనెను. అమెరికాలో 1953లో మొదలైన విజ్ఞానకల్పనా పుస్తకముల క్లబ్బు ఒకటి కలదట. ఆ క్లబ్బువారు సభ్యులకు చౌకగా పంపిన ప్రతులకు జాకెట్టు మడతపై వెల యుండదు. పెక్కింటికి వెనుక అట్ట అడుగుమూలను చిన్న నొక్కుడుగుర్తు ఉండును. సంవత్సరము పాతదే గాని ప్రతి మొదటిది కాదు. నూటయేబది రూపాయలు పోయినవని మేమనుకొన లేదు. ఆ సాయంకాలము అతడు చెప్పిన విషయములే మాకు లాభము. వానిలో కొన్ని ఇచట చెప్పుదుము.

తొలిముద్రణ ప్రతులను వెదకువారికి అన్నిటికంటె ముఖ్యమైనది ఆ పుస్తకము లోకమునకు మొట్టమొదట ఏ రూపమున కనబడెనో ఆ రూపము. 1897లో లండనునగరమున ఆర్చిబాల్డ్ కాన్‌స్టేబుల్ సంస్థవారు వెలువరించిన బ్రామ్ స్టోకర్ గారి "డ్రాక్యులా" పసుపుపచ్చ గుడ్డ అట్టపై ఎఱ్ఱని అక్షరములతో వచ్చినది. ఆ పచ్చగుడ్డ మాసిపోయిన ప్రతికైనను నేడు వేలాది పౌనులు పలుకును. దానికంటె పాతది "ఫ్రాంకెన్‌స్టైన్". 1818లో మూడు సంపుటములుగా 500 ప్రతులు మాత్రమే అచ్చొత్తిరి. గ్రంథకర్త పేరు లేదు. వ్రాసినది మేరీ షెల్లీ అను ఇరువదియేండ్ల యిల్లాలు. ముందుమాట భర్త వ్రాసియిచ్చుటచేత చాలమంది ఆయనయే వ్రాసెనని తలచిరి. ఆమె పేరు పుస్తకముపై కెక్కుటకు 1823 నాటి రెండవ ముద్రణము రావలసి వచ్చెను. పేరు లేని ఆ తొలి ముద్రణపు ప్రతి యొకటి, మొదటి అట్టలతోనే నిలిచినది, 2021లో క్రిస్టీస్ వారి వేలమున 11 లక్షల 70 వేల డాలర్లకు పోయినది. భయానక కథలు స్త్రీలకు తగవనువారికి చెప్పుటకు ఇది యొక మంచి సమాచారము.

మా మేనల్లుడు చెప్పినవానిలో మమ్ము మిక్కిలి ఆకర్షించినది మఱియొక కథ. అమెరికాలో హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ అను రచయిత చౌకబారు మాసపత్రికలలో భయానక కథలు వ్రాసి, 1937లో పేదవాడుగనే మరణించెను. గుజ్జుకాగితముపై నచ్చువేసిన ఆ పత్రికలను జనులు చదివి పాఱవేయుచుండిరి. ఆయన మిత్రులు ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రీ అనువారలు ఆ కథలను గట్టి అట్టల నడుమ నిలుపదలచి, పెద్ద ప్రచురణ సంస్థల నడిగిరి. ఎవరును అంగీకరింపలేదు. అప్పుడు వారే విస్కాన్సిన్ రాష్ట్రమున సాక్ సిటీ అను చిన్న ఊరిలో ఆర్కమ్ హౌస్ అను పేరు పెట్టుకొని, 1939లో 1,268 ప్రతులు వేయించిరి. అవి అమ్ముడు పోవుటకు ఏండ్లు పట్టెను. నేడు ఆ పుస్తకము సేకర్తల కలలలోనిది.

ఇది విన్నప్పుడు మాకు మా అత్తగారి దబ్బనము జ్ఞాపకము వచ్చినది. రాలిపోవు కాగితముపైనున్న కథను పోనీయక అట్టల నడుమ బిగించుట. ఆమె చేసినదియు అదియే గదా! వారు పండ్రెండువందల ప్రతులు చేసిరి, ఈమె ఒక్క ప్రతి చేసినది.

ఇంతటితో ఆగక అతని నింకొక ప్రశ్న అడిగితిమి: ఈ పుస్తకములన్నియు మొదట పుస్తకములుగనే వచ్చినవా? కాదట. వెల్స్ గారి "వార్ ఆఫ్ ది వరల్డ్స్" 1898లో పుస్తకమగుటకు ముందు 1897లో పియర్సన్స్ మ్యాగజైనులో ధారావాహికముగా వచ్చెను. అసిమోవ్ గారి "ఫౌండేషన్" 1951లో నోమ్ ప్రెస్సువారి పుస్తకము; అందలి కథలు 1942 మొదలు పత్రికలో వచ్చినవి. ఫ్రాంక్ హెర్బర్ట్ గారి "డ్యూన్" 1963–65లలో అనలాగ్ పత్రికలో వచ్చిన పిదప, ఇరువదికి పైగా ప్రచురణకర్తలు కాదనగా, తుదకు మోటారుకార్ల మరమ్మతు పుస్తకములకు పేరుపొందిన చిల్టన్ సంస్థవారు 1965లో వేసిరి. మైత్రీవనము కాలిబాటపై జావా పుస్తకముల క్రింద నవల దొరకుటకు ఆశ్చర్యపడ నక్కఱలేదన్నమాట. మొదటి ఉనికి పత్రికయే, పుస్తకము రెండవది. అట్లయినచో మేము ముప్పది యెనిమిది రూపాయలలో కలిపి అమ్మినది తులసిదళపు తొలిముద్రణకంటె ముందటిది!

మన తెలుగుదేశమున ఈ మాట మఱింత నిజము. గట్టి అట్టల నవల మన మధ్యతరగతి యిండ్లకు ఎన్నడును సులభమైన వస్తువు కాలేదు. డిటెక్టివ్ యుగంధరు సాహసములతో కొమ్మూరి సాంబశివరావుగారు ఒక తరమును నిద్రపోనీయలేదు; అవన్నియు పలుచని అట్టల చిన్న పుస్తకములే. ఎమెస్కోవారి "ఇంటింటా గ్రంథాలయం" పుస్తకములును జేబులో పట్టునవే. వానికి గట్టి అట్టలు వచ్చినది అద్దెపుస్తకముల దుకాణములలో. పదిచేతులు మాఱినను చిరుగకుండ దుకాణదారు ముతకగుడ్డ అట్టలు వేయించి, వీపుపై అంకె వేయించెడివాడు. ఆ అంకెగల పుస్తకములు నేటికిని ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై కానవచ్చును. వానిని చులకనగా చూడకుడు. మొదటి పుటపై అద్దె తేదీలు వరుసగా వేసియున్న యెడల, ఏ నెలలో ఎందఱు చదివిరో తెలుపు లెక్క ఏ ప్రచురణకర్త వద్దను దొరకదు.

పిల్లల సంగతియు ఇట్లే. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన "తోకచుక్క", "రాకాసిలోయ" వంటి ధారావాహికలను ఎన్ని యిండ్లలో తల్లులు కుట్టి దాచిరో! ఆ కథలపై ఆయన పేరు అచ్చుకాలేదు. అవి పుస్తకములుగా వచ్చుటకు చాలకాలము పట్టినది. అంతవరకు చిత్రాగారి రంగుబొమ్మలతో ఆ కథ మొత్తముగా ఎచటనైన నిలిచియుండినచో, అది ఎవరో యొక తల్లి సూదికొనను నిలిచినదే. మేరీ షెల్లీకి పేరు లేదు, దాసరివారికి పేరు లేదు, కుట్టిన తల్లికి అసలే లేదు.

కావున సోదరీమణులు అటకలు దింపునప్పుడు తొందరపడవలదు. మొదట కాలనిర్ణయము చేయుడు. పాత తెలుగు పుస్తకము శీర్షికపుట వెనుక "ప్రథమ ముద్రణము" అనియు, ప్రతులెన్నియో, వెల యెంతయో అచ్చువేయుట మనవారి మంచి అలవాటు. అట్లు లేనియెడల వెలనే చూడుడు. రూపాయలు, అణాలలో నున్నచో అది 1957 ఏప్రిలునకు ముందటిది. "న.పై." అని నయాపైసలలో నున్నచో 1957కును 1964కును నడిమిది, 1964 జూను మొదలు "నయా" అనుమాట తీసివేసిరి. చిరునామాలో ఆఱంకెల పిన్‌కోడ్ ఉన్నచో 1972 ఆగస్టు 15వ తేదికి తరువాతది. ఊరిపేరు ప్రక్కన ఒకటి రెండంకెలు మాత్రమే యున్నచో తఱచుగా అంతకు ముందటిది. కొన్ని పుస్తకములపై తెలుగు సంవత్సరముల పేరు మాత్రమే యుండును. అప్పుడు జాగ్రత్త: విక్రమ అనగా 1940–41 కావచ్చును, 2000–01 కావచ్చును; కాగితము చూచి చెప్పవలయును. ఇంగ్లీషు పుస్తకములలో, విశేషించి ఇటీవలి దశాబ్దములవానిలో, శీర్షికపుట వెనుక అంకెల వరుస యుండును. అందు 1 కనబడినచో సాధారణముగా తొలిముద్రణము. చిన్న అంకె 4 అయినచో నాలుగవది. జాకెట్టును మాత్రము పాఱవేయవలదు. సేకర్తలకు పుస్తకముకంటె ఆ కాగితముపైననే మక్కువ యెక్కువ. మూల కత్తిరించి వెల తీసివేసిన జాకెట్టునకు విలువ తగ్గును. బహుమానమిచ్చునప్పుడు వెల కనబడరాదని కత్తెర వేయుట మనయింటి మర్యాద గదా, అది ఇచట నష్టము.

భద్రపఱచు విషయమున మేము చేసిన తప్పులు చెప్పుటయే మేలు. వారపత్రిక కాగితము కొయ్యగుజ్జుతో చేసినది. అందలి పదార్థము వెలుతురు, గాలి సోకి తనలోతానే ఆమ్లమై పచ్చబడి పెళుసెక్కును. దీనిని ఆపలేము, నెమ్మదింప జేయగలము. ఎండలో పెట్టరాదు. మా పుట్టినింట వైశాఖమాసమున పుస్తకముల నెండబెట్టు ఆచారము కలదు. చెమ్మ పోవుట నిజమే గాని కాగితమునకు ఆ యెండ చేటు. నీడను, గాలి తగులు చోట ఆరవేయుట చాలును. చిరిగినచోట మెరయు టేపు అంటింపరాదు. మేమొక చందమామకు అంటించితిమి, అయిదేండ్లలో ఆ జిగురు గోధుమరంగు మచ్చయై అక్షరములను మ్రింగినది. పలుచని కాగితపు పేలికను పలుచని పిండిజిగురుతో అద్దిన చాలును. ప్లాస్టికు పొరలో వేడిచేసి మూయించుటయు వలదు, అది మరల తీయరానిది. అలమారను గోడకు నాలుగంగుళములు ఎడముగా, నేలకు జానెడెత్తున నుంచుడు. చెదలు నేలనుండియే ఎక్కును.

బైండు చేయువానికిచ్చునప్పుడు రెండు మాటలు ముందే చెప్పవలెను. ఒకటి, అంచులు యంత్రముతో కత్తిరింపవలదని. వాడు చక్కగా నుండునని కత్తిరించును. బొమ్మల చివరలు, పుటసంఖ్యలు, తేదీలు దానితో పోవును. రెండవది, జిగురు. మైదాజిగురులో పురుగు పట్టకుండ మైలుతుత్తము కలుపుట వారి పాత పద్ధతి. మంచిదే గాని అది విషము. పుస్తకములు నోట పెట్టుకొను వయసు పిల్లలున్న యిండ్లలో కొత్తగా బైండు చేసినవానిని వారి కందనీయరాదు. మఱియొక మాట: వ్యాపార ప్రకటనలను చింపివేయవలదు. సబ్బుల ప్రకటన వెనుకనున్న వెలయే ఒక్కొక్కప్పుడు ఆ సంచిక ఏ సంవత్సరపుదో తెలుపును.

ఇంటిలో చోటులేనివా రేమి చేయవలయును? ఇందుకు మన నగరముననే ఒక గొప్ప దృష్టాంతము కలదు. అబ్దుస్ సమద్ ఖాన్ అను హైదరాబాదు సేకర్త ఏండ్ల తరబడి ఉర్దూ పుస్తకములను, ఎవరును దాచని పాత పత్రికలను కూడబెట్టిరి. ఆ భండారము తరువాత బాగులింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రమున చేరి ఉర్దూ పరిశోధన కేంద్రమైనది. 2000వ సంవత్సరము ఆగస్టులో హైదరాబాదును ముంచిన వరద ఆ భవనములోనికిని ప్రవేశించి, పుస్తకములెన్నో తడిసిపోయినవి. ఒక మనుష్యుని జీవితకాలపు కూడిక ఒక్క రాత్రి నీటిపాలగుట చూచినవారికి అలమార నేలకు జానెడెత్తున నుండవలెనని మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను గ్రంథాలయములయందే నమ్మకముంచవలసి యున్నది. సుల్తానుబజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901 నుండియు, వేటపాలెములోని సారస్వత నికేతనము 1918 నుండియు తెలుగు పత్రికలను కాపాడుచు వచ్చినవి. ఇచ్చుటకు ముందు వారి కా సంచికలు కావలెనో అక్కఱలేదో ఉత్తరము వ్రాసి తెలిసికొనుడు. పిలువకుండ బస్తాతో వెళ్లి గుమ్మమున దింపుట దానము కాదు.

ఇక ఇట్టి కథలు ఇంటనుండుట మంచిదా యను ప్రశ్న మిగిలియున్నది. ఈ క్షుద్రసాహిత్యము మూఢవిశ్వాసములను పెంచినదని ఆనాడు పెద్దలు కొందఱు తీవ్రముగా ఆక్షేపించిరి. మేమా ఆక్షేపణను తేలికగా త్రోసివేయము. చేతబడి చేసిరను అనుమానముతో నిరుపేదలను, వృద్ధులను హింసించిన వార్తలు మన పల్లెలనుండి పలుమాఱు విన్నాము. కథను కథగా చదువలేని చోట అది నిప్పువంటిది. పదేండ్ల పిల్లలకు ఆ పుస్తకము నందీయము. కాని పాఱవేయుట వేఱు, పైయరలో నుంచుట వేఱు. మా అత్తగారు ఆ కథ చదివి భయపడిరి గాని, ఏ దిష్టితాయెత్తునకును ఒక్క రూపాయి ఖర్చుచేసి యెఱుగరు. "అది కథే కదమ్మా, భయపడాలనే చదివేది" అని ఆమె సిద్ధాంతము.

మొన్నటి మాఘమాసమున ఒక ఆదివారము మేము ఆబిడ్స్ వెళ్లితిమి. మూసియున్న ఒక అంగడి ముందు పఱచిన గోనెపట్టాపై, ఇంగ్లీషు నిఘంటువుల నడుమ, నీలిగుడ్డ అట్టల సంపుట మొకటి కనబడినది. పేరు లేదు. తెఱచితిమి. తులసిదళం, వారపత్రిక పుటలే. ఇది మా అత్తగారి ఎఱ్ఱట్ట పుస్తకము కాదు. ఎవరో వేఱొక యిల్లాలు కుట్టుకొన్నది. మొదటి పుట మూలను పెన్సిలుతో పాలలెక్క వ్రాసియున్నది: తేదీలు, శేరులు కాదు లీటర్లు, రెండు చోట్ల "రాలేదు" అని. అంగడివాడు మూడువందలు చెప్పెను. మేము బేరమాడలేదు.

ఇంటికి తెచ్చి మా అత్తగారి చేతిలో పెట్టితిమి. ఆమెకిపుడు ఎనుబదియొక్కటవ యేడు. చత్వారపు కళ్లద్దములు పెట్టుకొని మొదట కథ చదువలేదు, కుట్టు చూచిరి. "ఈవిడ జంటదారం వేసింది, నేను ఒంటిదారమే వేశాను" అనిరి. పిదప పాలలెక్క చదివిరి. రాత్రి భోజనమైన తరువాత దీపము క్రింద కూర్చుండి మొదటి పుటనుండి ఆరంభించిరి. పదిదినములకు చివరకు వచ్చి చూడగా తుది రెండు వారముల పుటలు అందు లేవు. కుట్టు తెగిన జాడ లేదు. ఆ యిల్లాలికే ఆ రెండు సంచికలు దొరకలేదు కాబోలు. కథ ముగింపు మా అత్తగారికి కంఠస్థమే. ఆమె దానిని మా మనుమరాలికి చెప్పి నవ్వించిరి. అయినను ఆ రెండు వారములు ఆమెకు కావలెనట. పుస్తకరూపమున వచ్చినది కొనితెత్తు మంటిమి. "అందులో బొమ్మలుండవు" అని త్రోసివేసిరి.

చదువరులగు సోదరీమణులలో ఎవరి అటకపైనైనను ఆ ధారావాహికపు తుది రెండు సంచికలు ఉన్నచో, ఈ శీర్షిక పేర పత్రిక కార్యాలయమునకు ఒక కార్డు వ్రాయుడు. పుటలను చింపి పంపనక్కఱలేదు. మేమే వచ్చి, మీ యింటనే కూర్చుండి నకలు తీసికొని పోదుము. మా అత్తగారును వచ్చెదమనుచున్నారు.